సీఎస్ 2 పిస్టల్ గైడ్: చేతిలో 800 డాలర్లే.. ఏ గన్ కొనాలి? ఎప్పుడు కొనకూడదు?

ఏకే-47 చేతిలో ఉంటే ఎవరైనా రెండు మూడు కిల్స్ కొడతారు. పిస్టల్ తప్ప ఏమీ లేనప్పుడే ఎవరు ఎంత ఆడగలరో బయటపడుతుంది. కౌంటర్-స్ట్రైక్ 2లో ప్రతి మ్యాచ్ పిస్టల్‌తోనే మొదలవుతుంది. 12 రౌండ్లయ్యాక సైడ్ మారితే మళ్లీ పిస్టల్‌తోనే. మధ్యలో డబ్బులు అయిపోయిన ప్రతిసారీ కూడా అదే దిక్కు. ముందు 13 రౌండ్లు గెలిచినవాళ్లదే మ్యాచ్. కాబట్టి ఈ నాలుగైదు రౌండ్లని "ఎలాగూ పోయేవేగా" అని వదిలేస్తే మ్యాచ్ కూడా వాటితోపాటే పోతుంది.

కొత్తవాళ్లకి వాయిస్ చాట్‌లో తిట్లు పడేది కూడా ఇక్కడే. ఎయిమ్ బాలేదని ఎవరూ పెద్దగా తిట్టరు. టీమంతా డబ్బులు దాచుకుంటుంటే ఒక్కడే డీగిల్ కొనేసి, నెక్స్ట్ రౌండ్‌లో "మామా, ఒక డ్రాప్ ఇవ్వరా" అంటే మాత్రం ఊరుకోరు. ఐదుగురు ఆడే గేమ్‌లో ఒకడి ఖర్చు మిగతా నలుగురి మీద పడుతుంది. అందుకే ఏ పిస్టల్ ఏం చేస్తుందో చూసే ముందు డబ్బుల లెక్క చూద్దాం. అది బోర్ అనిపించొచ్చు కానీ ర్యాంక్ పెరగాలంటే ఎయిమ్ కంటే ముందు ఇదే కావాలి.

ఓడితే ఎంత వస్తుంది?

ప్రతి హాఫ్ మొదట్లో ఒక్కొక్కరికి 800 డాలర్లు ఇస్తారు. పిస్టల్ రౌండ్ ఓడిపోతే లాస్ బోనస్ కింద 1,900 వస్తుంది. వరుసగా రెండోది కూడా ఓడితే 2,400, ఆ తర్వాత 2,900, చివరికి 3,400 దగ్గర ఆగుతుంది. పిస్టల్‌తో కిల్ కొడితే 300 అదనం.

ఇప్పుడు రెండో రౌండ్ గురించి ఆలోచించండి. ఫస్ట్ రౌండ్‌లో 800 మొత్తం ఖర్చు పెట్టి ఓడిపోయారు, చేతిలో 1,900 ఉన్నాయి. ఏమీ కొనకుండా ఆడి ఓడిపోతే మూడో రౌండ్‌కి 1,900 ప్లస్ 2,400, అంటే 4,300 అవుతాయి. టెర్రరిస్ట్ సైడ్‌లో ఏకే 2,700, కెవ్లార్ విత్ హెల్మెట్ 1,000. మొత్తం 3,700. ఇంకా 600 మిగులుతాయి. అంటే రెండో రౌండ్‌లో 300 పెట్టి పీ250 కొన్నా మూడో రౌండ్‌లో ఏకే, ఫుల్ ఆర్మర్, పైన ఒక స్మోక్ వచ్చేస్తాయి. అదే 700 పెట్టి డీగిల్ కొంటే మిగిలేది 3,600 మాత్రమే. ఏకే వస్తుంది, హెల్మెట్ రాదు.

కౌంటర్-టెర్రరిస్ట్ సైడ్‌లో లెక్క ఇంకా టైట్. ఎమ్4 ధర 2,900, ఆర్మర్ 1,000. 4,300లో ఇవి తీసేస్తే సరిగ్గా 400 మిగులుతాయి. డిఫ్యూజ్ కిట్ ధర కూడా 400! కిట్ ఉంటే బాంబ్ డిఫ్యూజ్ చేయడానికి 5 సెకన్లు, లేకపోతే 10 సెకన్లు. అంటే సీటీ సైడ్‌లో రెండో రౌండ్‌లో సరదాగా కొన్న 300 డాలర్ల పిస్టల్‌కి మూడో రౌండ్‌లో కిట్ రూపంలో బిల్లు కడతారు. ఈ ఒక్క తేడా చాలామందికి తెలీదు. టీ సైడ్‌లో పీ250 దాదాపు ఫ్రీ లాంటిది, సీటీ సైడ్‌లో కాదు.

టెర్రరిస్టులకి ఇంకో రూల్ ఉంది. బాంబ్ పెట్టకుండా టైమ్ అయిపోయి రౌండ్ ఓడితే, బతికున్న టీ ప్లేయర్లకి ఆ రౌండ్ లాస్ బోనస్ రాదు. ఎకో రౌండ్‌లో మూలకి దాక్కుని ప్రాణం కాపాడుకున్నా లాభం లేదన్నమాట. చేతిలో కొట్టేసిన మంచి రైఫిల్ ఉంటే తప్ప టైమ్ అయ్యేలోపు ఫైట్‌కి వెళ్లిపోవడమే బెటర్.

ఫస్ట్ రౌండ్: 800తో ఏం చేయాలి?

ఎక్కువమంది కళ్లు మూసుకుని 650 పెట్టి కెవ్లార్ కొంటారు. అది తప్పేం కాదు. కెవ్లార్ మీద గ్లాక్ బుల్లెట్ ఎంత తేలిపోతుందో చూస్తే ఎందుకో అర్థమవుతుంది. గ్లాక్ బేస్ డ్యామేజ్ 30. ఆర్మర్ లేని ఛాతీకి తగిలితే నాలుగు బుల్లెట్లకి మనిషి పడిపోతాడు. కెవ్లార్ ఉంటే ఒక్కో బుల్లెట్ 14 మాత్రమే తీస్తుంది, అంటే పడడానికి ఎనిమిది కావాలి. పైగా ఆర్మర్ ఉంటే బుల్లెట్ తగిలినప్పుడు మీ ఎయిమ్ ఎగిరిపడడం కూడా తగ్గుతుంది. కెవ్లార్ కొనడానికి ఈ రెండో కారణమే నిజానికి పెద్దది.

కానీ కెవ్లార్ తలని కాపాడదు. దానికి హెల్మెట్ కావాలి, రెండూ కలిపి 1,000. ఫస్ట్ రౌండ్‌లో ఎవరి దగ్గరా అంత ఉండదు. కాబట్టి పిస్టల్ రౌండ్‌లో హెడ్‌షాట్ పడితే కెవ్లార్ ఉన్నా లేనట్టే. యూఎస్‌పీ-ఎస్ బేస్ డ్యామేజ్ 35, తలకి నాలుగు రెట్లు, అంటే 140. ఒక్క బుల్లెట్‌తో ఫినిష్.

అందుకే ఐదుగురూ కెవ్లారే కొనాలని రూల్ లేదు. సైట్‌లోకి ముందు దూకే ముగ్గురు కెవ్లార్ కొంటే చాలు. వెనకొచ్చేవాళ్లలో ఒకరు పీ250, స్మోక్, ఫ్లాష్ తీసుకోవచ్చు (300, 300, 200.. సరిగ్గా 800కి సరిపోతుంది). సీటీ సైడ్‌లో ఒక్కరైనా కిట్ కొనాలి, మిగిలిన 400తో రెండు ఫ్లాష్‌లు వస్తాయి. ఆ ఒక్కరు ఎవరో కొనే ముందే మాట్లాడుకోండి. బాంబ్ పెట్టాక "కిట్ ఎవరి దగ్గరుంది?" అని అడిగితే ఐదుగురూ సైలెంట్‌గా ఉండే మ్యాచ్‌లు రోజూ జరుగుతూనే ఉంటాయి.

సీఎస్ 2లో ఒక మంచి సౌకర్యం ఉంది. కొన్నది వాడకపోతే బై టైమ్ అయిపోయేలోపు తిరిగి అమ్మేసి పూర్తి డబ్బులు వెనక్కి తీసుకోవచ్చు. పాత సీఎస్ గో నుంచి వచ్చినవాళ్లు దీన్ని ఇంకా మర్చిపోతూ ఉంటారు. తప్పు బటన్ నొక్కితే కంగారుపడక్కర్లేదు.

ఫ్రీగా వచ్చే గన్‌ని తక్కువ అంచనా వేయొద్దు

టీ సైడ్‌కి గ్లాక్-18, సీటీ సైడ్‌కి యూఎస్‌పీ-ఎస్ లేదా పీ2000 ఫ్రీగా వస్తాయి. ఈ రెండు సైడ్‌ల గన్స్ స్వభావం పూర్తిగా వేరు. యూఎస్‌పీ నిలబడి, ఆగి, దూరం నుంచి తలకి గురిపెట్టి ఒక్కో బుల్లెట్ కొట్టే గన్. మ్యాగజైన్‌లో 12 బుల్లెట్లే. సైలెన్సర్ ఉంటుంది కాబట్టి ఎక్కడి నుంచి కొడుతున్నారో అవతలివాళ్లకి త్వరగా అర్థం కాదు. కొంతమంది స్టైల్ కోసం ఆ సైలెన్సర్ తీసేస్తుంటారు. దాని వల్ల వచ్చే లాభం ఏమీ లేదు, తీసేటప్పుడు ఎదురుగా ఎవరైనా వస్తే నష్టం మాత్రం ఉంది.

గ్లాక్ దీనికి రివర్స్. 20 బుల్లెట్లు, కదులుతూ కొట్టినా మరీ పక్కకి పోదు. దగ్గర్లో తలకి తగిలితే 120 డ్యామేజ్ కాబట్టి హెల్మెట్ లేనివాడు ఒక్క బుల్లెట్‌కే పడతాడు. దూరం పెరిగేకొద్దీ డ్యామేజ్ త్వరగా పడిపోయి 100 కంటే కిందకి వచ్చేస్తుంది. మిరాజ్‌లో మిడ్‌లో నిలబడి, విండోలో ఉన్న యూఎస్‌పీ ప్లేయర్‌తో గ్లాక్ పట్టుకుని తలపడేవాళ్లని చూస్తే జాలేస్తుంది. ఆ డ్యూయల్‌లో గన్నే మీకు వ్యతిరేకం. గ్లాక్ ఉన్నప్పుడు దూరం తగ్గించడమే మీ పని. ఐదుగురూ ఒకేసారి, స్మోక్ వెనకాల, ఇరుకు దారి నుంచి వెళ్లాలి. "రష్ బి" అనే మాట జోక్‌గా మారిపోయింది కానీ పిస్టల్ రౌండ్‌లో దానికి లాజిక్ ఉంది.

గ్లాక్‌లో మూడు బుల్లెట్లు ఒకేసారి పేలే బర్స్ట్ మోడ్ కూడా ఉంది. మొహానికి మొహం ఉన్న దూరంలో తప్ప దాన్ని వాడకపోవడమే మంచిది.

300 డాలర్ల పీ250: మా ఓటు దీనికే

బడ్జెట్ పిస్టల్ అంటే ముందు చెప్పాల్సింది పీ250 గురించే. రెండు సైడ్‌లకీ దొరుకుతుంది. బేస్ డ్యామేజ్ 38, మ్యాగజైన్‌లో 13. ఆర్మర్‌ని దాటే శక్తి ఫ్రీ పిస్టల్స్ కంటే బాగా ఎక్కువ. కెవ్లార్ ఉన్న ఛాతీకి తగిలితే దాదాపు 24 తీస్తుంది. గ్లాక్ ఎనిమిది బుల్లెట్లు తీసుకునే చోట ఇది ఐదింటితో పని కానిచ్చేస్తుంది.

కానీ దీనిలో ఒక చేదు నిజం ఉంది. హెల్మెట్ పెట్టుకున్నవాడి తలకి, ఎంత దగ్గర నుంచి కొట్టినా, పీ250 తీసేది 97. అంటే అవతలివాడు 3 హెల్త్‌తో బతికి, మిమ్మల్ని ఏకేతో లేపేస్తాడు. చాట్‌లో "97 ఇన్ 1" అని మెసేజ్ చూసి కీబోర్డ్ కొట్టుకున్నవాళ్లకి ఈ నంబర్ బాగా గుర్తుంటుంది.

ఈ 97 వల్లే పీ250ని ఒంటరిగా వాడే గన్ అనుకోకూడదు. పక్కనున్న ఫ్రెండ్ గ్లాక్‌తో కాలికి ఒక్క బుల్లెట్ తగిలించినా చాలు, ఆ తర్వాత మీ హెడ్‌షాట్ కిల్ అయిపోతుంది. అందుకే ఎకో రౌండ్‌లో ఇద్దరిద్దరుగా తిరగాలి. ఒకరు కనబడగానే రెండోవారు కూడా బయటికొచ్చి కొట్టాలి. ముందువాడు చచ్చినా వెనకవాడికి కిల్ దొరుకుతుంది, కిందపడిన రైఫిల్ కూడా దొరుకుతుంది. పిస్టల్ ఎకోలో అసలు టార్గెట్ ఆ రైఫిలే. ఒక్క ఏకే దొరికినా రౌండ్ మొత్తం మారిపోతుంది.

ఇదే ధరకి డ్యుయల్ బెరెట్టాస్ కూడా ఉన్నాయి. ఒకప్పుడు వీటి ధర 400, తర్వాత 300కి తగ్గించారు. అప్పటిదాకా సినిమాల్లో హీరోలా రెండు చేతుల్తో కాల్చాలనుకునేవాళ్లు మాత్రమే కొనేవాళ్లు. ఇప్పుడు సీరియస్‌గా ఆడేవాళ్లు కూడా పిస్టల్ రౌండ్‌లో వాడుతున్నారు. 30 బుల్లెట్లు, రీలోడ్ చేయకుండా ఇద్దరు ముగ్గురిని ఆపొచ్చు. ఇన్‌ఫెర్నోలో బనానా మీదుగా ఒకేసారి ఐదుగురు వస్తున్నప్పుడు సైట్ దగ్గర కాపలా ఉన్నవాడికి ఇవి పనికొస్తాయి. హెల్మెట్లు వచ్చేశాక మాత్రం వీటి పని అయిపోయినట్టే. రీలోడ్ టైమ్ కూడా ఎక్కువ, ఆ గ్యాప్‌లో దొరికిపోతారు.

500 పెడితే ఏం మారుతుంది?

200 ఎక్కువ పెడితే వచ్చే తేడా ఒక్క మాటలో చెప్పాలంటే హెల్మెట్. టీ సైడ్‌లో టెక్-9, సీటీ సైడ్‌లో ఫైవ్-సెవెన్. రెండూ 500 డాలర్లే, రెండూ ఆర్మర్‌ని దాదాపు పట్టించుకోవు. దగ్గర్లో హెల్మెట్ ఉన్న తలకి కొడితే టెక్-9 సుమారు 119, ఫైవ్-సెవెన్ సుమారు 116 తీస్తాయి. పీ250 ఆగిపోయిన 97 గీతని ఇవి దాటేస్తాయి. ఛాతీకైతే కెవ్లార్ ఉన్నా నాలుగు బుల్లెట్లు చాలు.

అయితే దగ్గర్లో అన్న మాట మర్చిపోవద్దు. రెండింటికీ దూరంలో డ్యామేజ్ వేగంగా పడిపోతుంది. డస్ట్ 2 లాంగ్‌లో నిలబడి టెక్-9తో ఏడబ్ల్యూపీ ప్లేయర్‌ని కొడదామనుకోవడం డబ్బు దండగ. టెక్-9ని కదులుతూ కొట్టొచ్చని పేరు. పాత సీఎస్ గోలో అది మరీ శ్రుతి మించింది. పరిగెత్తుకుంటూ వచ్చి రైఫిల్ ఉన్నవాళ్లని లేపేస్తున్నారని గోల మొదలయ్యాక వాల్వ్ దాన్ని తగ్గించింది. ఇప్పుడు మొదటి ఒకటి రెండు బుల్లెట్లు కదులుతూ కొట్టినా, ఆ తర్వాత ఆగాల్సిందే.

ఫైవ్-సెవెన్‌లో 20 బుల్లెట్లు ఉంటాయి. సీటీ సైడ్‌లో ఫోర్స్ బై చేసేటప్పుడు, అంటే ఉన్న డబ్బులన్నీ పెట్టి ఒకేసారి రిస్క్ తీసుకునేటప్పుడు, ఆర్మర్‌తో కలిపి ఇది నమ్మకమైన కాంబినేషన్. మీరు సైట్‌లో మూల పట్టుకుని ఉంటారు, వాళ్లే దగ్గరికి వస్తారు. ఆ పరిస్థితి ఈ గన్ కోసమే చేసినట్టుంటుంది.

వీటి బదులు లోడౌట్‌లో సీజెడ్75-ఆటో పెట్టుకోవచ్చు, ధర ఇదే 500. బటన్ నొక్కి పట్టుకుంటే ఆటోమేటిక్‌గా కాలుస్తుంది. వినడానికి బాగుంటుంది కానీ 12 బుల్లెట్లు, రిజర్వ్‌లో మరో 12, అంతే. పైగా మిగతా పిస్టల్స్‌తో కిల్‌కి 300 వస్తే దీంతో వచ్చేది 100 మాత్రమే. డబ్బుల్లేకే పిస్టల్ కొంటున్నప్పుడు, సంపాదన కూడా తగ్గించే గన్ ఎందుకు? 2014లో ఇది వచ్చిన కొత్తలో అందరి చేతుల్లోనూ ఇదే కనిపించేది. వరుసగా కోతలు పెట్టాక ఆ క్రేజ్ పోయింది.

డీగిల్ మోజు

యూట్యూబ్ షార్ట్స్, రీల్స్ చూసి సీఎస్ 2లోకి వచ్చేవాళ్లందరూ ముందు కొనేది డెసర్ట్ ఈగిల్. 700 డాలర్లు, ఏడు బుల్లెట్లు. హెల్మెట్ ఉన్నా లేకపోయినా, మరీ ఎక్కువ దూరం కాకపోతే తలకి ఒక్కటి తగిలితే చాలు. దగ్గర్లో హెల్మెట్ మీద కూడా డ్యామేజ్ 190 దాటుతుంది. చేతిలో రైఫిల్ లేనప్పుడు దూరంగా ఉన్న రైఫిల్ ప్లేయర్‌తో సమానంగా తలపడే పిస్టల్ ఇదొక్కటే.

షార్ట్స్‌లో చూపించనిది ఏంటంటే మిస్ అయిన బుల్లెట్లు. ఒక్క బుల్లెట్ కొట్టాక గన్ పైకి లేస్తుంది, అది కిందికి దిగేదాకా ఆగాలి. ఆగకుండా రెండోది కొడితే ఆకాశంలోకి పోతుంది. కదులుతూ కొడితే గోడకి తగులుతుంది. కెవ్లార్ ఉన్న ఛాతీకి 49 చొప్పున తీస్తుంది, రెండు తగిలినా మనిషి పడడు. మూడోది కొట్టే టైమ్ అవతలివాడు ఇవ్వడు.

ఇది మనలాంటివాళ్ల సమస్యే అనుకోవద్దు. బోస్నియా ప్లేయర్ నికోని డీగిల్ బాగా ఆడేవాళ్లలో ఒకడిగా చెప్పుకుంటారు. 2021 నవంబర్‌లో పీజీఎల్ మేజర్ స్టాక్‌హోమ్ ఫైనల్. నావీ మీద జీ2 ఆడుతోంది. మొదటి మ్యాప్ పోయినా రెండో మ్యాప్ న్యూక్‌లో జీ2 గెలుపు అంచున ఉంది. అలాంటి టైమ్‌లో నికో డీగిల్‌తో, దగ్గర నుంచి, దాదాపు గ్యారంటీ కిల్ మిస్ అయ్యాడు. మ్యాప్ ఓవర్‌టైమ్‌కి వెళ్లింది, నావీ 22-19తో గెలిచి కప్పు ఎత్తింది. ఆ క్లిప్ ఇప్పటికీ తిరుగుతూనే ఉంటుంది.

మరి డీగిల్ అసలు కొనకూడదా? కొనొచ్చు. రెండో రౌండ్‌లో టీమంతా కలిసి ఫోర్స్ అనుకుంటే 1,900కి లెక్క సరిగ్గా కుదురుతుంది. ఫుల్ ఆర్మర్ 1,000, డీగిల్ 700, ఫ్లాష్ 200. ఒక్క డాలర్ కూడా మిగలదు. దూరంగా ఉండే పొజిషన్ మీదైతే, రోజూ డీగిల్ ప్రాక్టీస్ చేస్తున్నవాళ్లైతే తీసుకోండి. అయితే ఆ రౌండ్ కూడా ఓడితే మూడో రౌండ్‌కి చేతిలో ఉండేది 2,400. గలీల్ 1,800, కెవ్లార్ 650 కలిపితే 2,450. యాభై డాలర్లు తక్కువ! ఒక్క కిల్ అయినా కొట్టి ఉంటేనే ఆ గన్, ఆర్మర్ రెండూ వస్తాయి. ఫోర్స్ అంటే ఇంత రిస్క్. నలుగురు సేవ్, ఒకడు ఫోర్స్ అనే పద్ధతి మాత్రం ఎప్పుడూ నష్టమే. ఒంటరిగా కొన్న డీగిల్ చివరికి అవతలి టీమ్ చేతిలో కనిపిస్తుంది.

600 డాలర్ల ఆర్8 రివాల్వర్ గురించి రెండు ముక్కలు. 2015 డిసెంబర్‌లో వచ్చినప్పుడు అది ఏడబ్ల్యూపీ లాగా ఛాతీకి ఒక్కటి తగిలినా చంపేసేది. గోల గోల అయ్యి కొద్ది రోజుల్లోనే వాల్వ్ దాని కోరలు పీకేసింది. ఇప్పుడు ట్రిగ్గర్ నొక్కాక కొంచెం ఆగి పేలుతుంది. సరదా మ్యాచ్‌లకి వదిలేయండి.

కొన్నాక ఎలా ఆడాలి?

పిస్టల్ ఏదైనా మొదటి రూల్ ఒకటే. క్రాస్‌హెయిర్‌ని నేల మీద పెట్టుకుని నడవద్దు. మలుపు దగ్గర అవతలివాడి తల ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో పెట్టుకుని నడవాలి. రైఫిల్‌తో ఛాతీకి కొట్టినా స్ప్రే కాపాడుతుంది. పిస్టల్‌తో ఆ ఛాన్స్ లేదు, పైన చెప్పిన నంబర్లన్నీ తల గురించే.

రెండోది ఆగడం. డి నొక్కి కుడివైపు వెళ్తున్నారనుకోండి, ఆగాలంటే డి వదిలేస్తే సరిపోదు, క్యారెక్టర్ కొంచెం జారుతుంది. ఒక్కసారి ఏ నొక్కితే టక్కున ఆగుతుంది. ఆ క్షణంలో కొట్టిన బుల్లెట్ నేరుగా వెళ్తుంది. యూఎస్‌పీకి, డీగిల్‌కి ఇది లేకపోతే ఏమీ లేదు. గ్లాక్, టెక్-9 వాళ్లకి కొంచెం సడలింపు ఉంది, అంతే. భయంతో బటన్ టకటకా నొక్కడం అందరికీ ఉన్న అలవాటే. డెత్‌మ్యాచ్‌లో పదిహేను నిమిషాలు కేవలం పిస్టల్‌తో, ఒక్కో బుల్లెట్‌కీ చిన్న గ్యాప్ ఇస్తూ ఆడితే వారంలో తేడా తెలుస్తుంది. వర్క్‌షాప్‌లో ఎయిమ్ బాట్జ్ మ్యాప్ కూడా దీనికి బాగుంటుంది.

ఎకో రౌండ్‌లో ఎక్కడ నిలబడాలి అనేది గన్ కంటే ముఖ్యం. ఐదుగురూ ఐదు చోట్ల ఉంటే ఒక్కొక్కరినీ ఏరుకుని చంపుతారు. పైగా గెలిచిన టీమ్ రెండో రౌండ్‌లో మ్యాక్-10, ఎమ్‌పీ9 లాంటివి కొనుక్కొస్తుంది. వాటితో చేసే ఒక్కో కిల్‌కి వాళ్లకి 600 వస్తుంది. ఒక్కొక్కరుగా వెళ్లి చావడమంటే వాళ్లకి దగ్గరుండి జీతం ఇచ్చినట్టే. ముగ్గురు నలుగురు ఒకే సైట్‌లో, ఇరుకు మూలల్లో, దగ్గర దూరంలో ఉండండి. గెస్ తప్పై వాళ్లు వేరే సైట్‌కి వెళ్తే పోనీయండి. గెస్ కరెక్ట్ అయితే రెండు మూడు రైఫిల్స్ మీ చేతికొస్తాయి.

మీరు గెలిచిన సైడ్‌లో ఉంటే ఇదే లెక్క తిరగేసి చదవండి. చాలామంది సీటీలు ఏకే ఎలాగూ హెల్మెట్‌ని చీల్చేస్తుంది కదా అని 350 మిగుల్చుకుంటారు. ఏకేల మీద అది కరెక్టే. కానీ అవతలివాళ్లు ఎకోలో ఉన్న రౌండ్‌లో వచ్చేవి గ్లాక్‌లు, పీ250లు. వాటిని ఆపేది ఆ హెల్మెట్టే. మూడు హెల్త్‌తో బతికే ఆ ఒక్కడు మీరే అవ్వాలి కదా.

ఫుల్ బై రౌండ్‌లో కూడా పిస్టల్‌ని మర్చిపోవద్దు. ఎదురుగా మనిషి ఉండగా ఏకేలో బుల్లెట్లు అయిపోతే రీలోడ్ నొక్కేవాడు చస్తాడు, పిస్టల్ తీసేవాడు బతికే ఛాన్స్ ఉంది. ఏడబ్ల్యూపీ వాడేవాళ్లు డబ్బులు ఉంటే 300 పెట్టి ఒక పీ250 పక్కన పెట్టుకోవడం మంచిది. షాట్ మిస్ అయ్యాక వాళ్లని కాపాడేది అదే.

స్కిన్ పెడితే డ్యామేజ్ పెరగదు

ఇక్కడిదాకా చెప్పిన డాలర్లన్నీ గేమ్‌లోవి. మీ ఫోన్‌పే నుంచి పోయేవి కాదు. సీఎస్ 2 స్టీమ్‌లో ఫ్రీగా దొరుకుతుంది, ఈ పిస్టల్స్ అన్నీ అందరికీ ఒకటే. అసలు రూపాయలు ఖర్చయ్యేది స్కిన్స్ దగ్గర. మెరిసే డీగిల్ స్కిన్ పెట్టినా, మామూలు డీగిల్ అయినా తలకి తగిలితే తీసేది అంతే. నచ్చితే కొనుక్కోవడం మీ ఇష్టం, కానీ పెట్టుబడి అనుకుని మాత్రం కొనొద్దు. 2025 అక్టోబర్‌లో వాల్వ్ తెచ్చిన ఒకే ఒక్క అప్‌డేట్‌తో ఖరీదైన కత్తుల స్కిన్స్ ధరలు రాత్రికి రాత్రి కుప్పకూలాయి. లక్షలు పెట్టినవాళ్లు తెల్లారి లేచి తల పట్టుకున్నారు.

స్కిన్స్ పందెం పెట్టి ఆడించే వెబ్‌సైట్ల లింకులు స్ట్రీమ్‌ల కింద, టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి. వాటి జోలికి అసలు వెళ్లొద్దు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్స్‌ని నిషేధిస్తూ కేంద్రం 2025 ఆగస్టులో చట్టం తెచ్చింది. ఈ-స్పోర్ట్స్‌ని అందులో వేరుగా గుర్తించారు. తెలంగాణ 2017లో, ఏపీ 2020లో అంతకుముందే తమ గేమింగ్ చట్టాలని సవరించి ఆన్‌లైన్ పందేలని అడ్డుకున్నాయి. మ్యాచ్ ఆడుకోవడం వేరు, మ్యాచ్ మీద పందెం వేరు. ఇంట్లో పిల్లలు సీఎస్ 2 ఆడుతుంటే తల్లిదండ్రులు అడగాల్సిన ప్రశ్న "ఎన్ని గంటలు ఆడావ్?" ఒక్కటే కాదు, "ఎక్కడైనా కార్డ్ డీటెయిల్స్ ఇచ్చావా?" అని కూడా.

ఫోన్‌లో ఈ వీడియోలు చూసేవాళ్లకి ఒక మాట. సీఎస్ 2కి అఫీషియల్ మొబైల్ వెర్షన్ లేదు, అది పీసీ గేమ్. "సీఎస్ 2 మొబైల్ ఏపీకే" అంటూ డిస్క్రిప్షన్‌లో కనిపించే లింకులు డౌన్‌లోడ్ చేయకండి. గన్స్ ధరలు, డ్యామేజ్ నంబర్లు వాల్వ్ అప్‌డేట్స్‌తో అప్పుడప్పుడు మారుతుంటాయి. కాబట్టి మ్యాచ్ మొదలయ్యాక బై మెనూలో కనిపించే ధరే ఫైనల్ అనుకోండి.